రెండు నిమిషాల సినిమా, ఇరవై ఏడు చీటీలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మేడమ్ గారు కబురు చేసినప్పుడు "విద్య – దాని ప్రాముఖ్యత" అని రాద్దామా అనుకున్నాను. ఆ వ్యాసం ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. తొమ్మిదో తరగతిలో నేనూ రాశాను. అందుకని ఈసారి ఎం.ఏ.లో నేను చేసిన ఒక పని గురించి చెబుతాను. అది సినిమా తీయడం. పూర్తి సినిమా కాదు, సినిమాలో మొదటి రెండు నిమిషాలు మాత్రమే. అది ఎలా తీస్తారో, తీశాక అది బాగుందో లేదో ఎలా తేల్చుకుంటారో, నేను ఎక్కడ తప్పు చేశానో, ఆ తప్పును మన హాస్టల్ పిల్లలే ఎలా పట్టుకున్నారో ఇందులో ఉంటుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. ఎం.ఏ.లో కమ్యూనికేషన్ తీసుకున్నానని చెబితే మా నాన్న "అంటే ఫోన్ల కంపెనీయా?" అని అడిగాడు. నాన్న కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా పని చేస్తాడు. కాదు నాన్నా, పేపర్లు, రేడియో, టీవీ, సినిమా గురించి చదవడం అని చెప్పాను. "సినిమా గురించి చదవాలా, చూస్తే సరిపోదా?" అన్నాడు. మొదటి సెమిస్టర్ అయ్యేదాకా నా అనుమానమూ అదే.

రెండో సెమిస్టర్‌లో మాకు ఇచ్చిన ప్రాజెక్టు ఇది. నలుగురు విద్యార్థులు ఒక జట్టుగా ఏర్పడి, ఇంతవరకు ఎవరూ తీయని ఒక కథాచిత్రానికి ప్రారంభ ఘట్టం తీయాలి. రెండు నిమిషాలు దాటకూడదు. సినిమా పేరు, నటించినవారి పేర్లు, పనిచేసినవారి పేర్లు అందులోనే పడాలి. తరువాత దాని మీద ఎవరికి వారే సమీక్ష రాయాలి. తీసినదానికి వేరుగా, రాసినదానికి వేరుగా మార్కులు. ఈ పద్ధతి బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ మన ఇంటర్మీడియట్ వయసు పిల్లలకు మీడియా స్టడీస్ అనే సబ్జెక్టు ఉంది. ఓ.సి.ఆర్. అనే పరీక్షల బోర్డు కొన్నేళ్ళపాటు ఇదే ప్రాజెక్టు పెట్టి, చివర ఏడు ప్రశ్నలకు జవాబు రాయించేది. మా లెక్చరర్ గారు ఆ ఏడింటినీ మాకు తెలుగులో చెప్పారు. మీ చిత్రం మామూలు సినిమాల పద్ధతిని ఎక్కడ పాటించింది, ఎక్కడ మార్చింది? సమాజంలో ఏ వర్గం వారిని ఎలా చూపించింది? ఎలాంటి సంస్థ దీన్ని విడుదల చేయవచ్చు? ఎవరు చూస్తారు? వాళ్ళను ఎలా ఆకట్టుకున్నారు? యంత్రాల గురించి ఏం నేర్చుకున్నారు? మొదట చేసిన చిన్న అభ్యాసం నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఎంత ముందుకు వచ్చారు?

నేను దెబ్బతిన్నది రెండో ప్రశ్న దగ్గర. ఆ సంగతికి తరువాత వస్తాను.

అసలు మొదటి రెండు నిమిషాలే ఎందుకు? హాల్లో లైట్లు ఆర్పగానే సెన్సారు సర్టిఫికెట్ పడుతుంది. ఆ తరువాత వచ్చే రెండు మూడు నిమిషాల్లో మనకు తెలియకుండానే చాలా విషయాలు తేల్చుకుంటాం. ఇది ఎవరి కథ, ఏ ఊరు, నవ్వాలా భయపడాలా, ఈ మనిషి పక్షాన ఉండాలా వద్దా అన్నీ అప్పుడే నిర్ణయమైపోతాయి. అందుకే పూర్తి సినిమా తీయడానికి కోట్లు కావాలి గానీ, సినిమా తీయడం తెలుసా లేదా అన్నది రెండు నిమిషాల్లో బయటపడిపోతుంది.

మాకు ముందుగా కొన్ని సినిమాల మొదళ్ళు చూపించారు. సత్యజిత్ రాయ్ 1955లో తీసిన "పథేర్ పాంచాలి"లో పేర్లన్నీ చేతిరాతతో కాగితం మీద పడతాయి. ఆ తరువాత దుర్గ అనే చిన్నపిల్ల ఇతరుల తోటలో పండ్లు ఏరుకుని ఇంటికి పరుగెత్తుతుంది. ఇంట్లో ఉన్న ముసలి అత్తకు రహస్యంగా ఒక పండు పెడుతుంది. ఆ ఇల్లు పేద ఇల్లని మనకు అప్పటికే తెలిసిపోతుంది, కానీ ఆ పిల్ల మీద జాలి కన్నా ముందు ఇష్టం కలుగుతుంది. నాగరాజ్ మంజులే 2013లో మరాఠీలో తీసిన "ఫండ్రీ" మరొకటి. జబ్యా అనే దళిత కుర్రాడు ఉండేలు పట్టుకుని తుప్పల్లో ఒక నల్లపిట్ట కోసం తిరుగుతూ ఉంటాడు. కులం గురించి ఒక్క మాట కూడా ఇంకా రాలేదు. వాడికి ఏదో కావాలి, దాని కోసం వెతుకుతున్నాడు అన్నదే మనం మొదట చూస్తాం. ఈ రెండూ నేను నోట్సులో రాసుకున్నాను. బాగా అర్థమైందనుకున్నాను. అర్థం కాలేదని తరువాత తెలిసింది.

సినిమా మనకు దూరపు వస్తువని అనుకోకండి. తెలుగు సినిమా పితామహుడని పేరు పొందిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1869లో మన మచిలీపట్నంలో పుట్టారు. నిమ్మకూరు ఎన్.టి.ఆర్. గారు, గుడివాడ దగ్గర రామాపురం అక్కినేని గారు మనకు బస్సు దూరంలో పుట్టినవారే. మనకు ఇంకా దగ్గరగా వచ్చేది "మాలపిల్ల". 1938లో విడుదలైంది. దర్శకుడు మన కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం గారు. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. తీసిన సారథి ఫిలింస్ వెనుక దివిసీమ చల్లపల్లి రాజా వారు ఉన్నారు. అంటరానితనం తప్పని, గుడిలోకి అందరూ రావాలని ఆ రోజుల్లో తెర మీద చెప్పడం చిన్న విషయం కాదు. దానికి ఎప్పుడూ గౌరవం ఇవ్వాలి. అయితే కథ రాసినవారు, తీసినవారు, డబ్బు పెట్టినవారు, మాలపిల్లగా నటించిన కాంచనమాల గారు, వీరిలో ఎవరూ ఆ వాడ నుంచి వచ్చినవారు కారు. మన గురించి ఇతరులు మంచి మనసుతో చెప్పిన కథ అది. మరి మనమే చెబితే వేరుగా ఉంటుందా? ఉండి తీరుతుందని నేను నమ్మాను. హాస్టల్ పిల్ల తీసింది గనుక హాస్టల్ పిల్ల సినిమా నిజంగా ఉంటుందని ధైర్యం. అది తప్పు ధైర్యం.

ఇక తీయడం గురించి. మొదట ఒక చిన్న అభ్యాసం చేయించారు. ఒక మనిషి తలుపు తీసి, గది దాటి, ఎదుటి మనిషి ముందు కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. ఇందులో ఏముందని నవ్వుకున్నాం. మూడు సార్లు తీసినా కుదరలేదు.

మొదటి చిక్కు తలుపు. బయటి నుంచి గడియ మీద చేయి వేసినట్టు ఒక షాటు, లోపలి నుంచి తలుపు తెరుచుకున్నట్టు ఇంకో షాటు. రెండూ అతికిస్తే ఒకే కదలికలా కనిపించాలి. మేము బయట కుడిచేత్తో తీసి, లోపల ఎడమచేత్తో తోశాం. చూస్తే ఇద్దరు మనుషులు రెండు తలుపులు తీసినట్టు ఉంది. మంచి మార్గం ఏమిటంటే, రెండు వైపుల నుంచీ పూర్తి పనిని తీసుకుని, చేయి కదులుతున్న మధ్యలో కత్తిరించడం.

రెండో చిక్కు గీత. దీన్ని నూట ఎనభై డిగ్రీల నియమం అంటారు. పేరుకు భయపడకండి, కబడ్డీతో చెబుతాను. మనం గ్రౌండుకు ఒక వైపు కూర్చుంటే మన జట్టు ఎడమ పక్క, ఎదుటి జట్టు కుడి పక్క కనిపిస్తుంది. ఆట మధ్యలో లేచి అవతలి వైపుకు వెళితే జట్లు తారుమారు అవుతాయి. ఎవరు ఎవరి మీదికి వస్తున్నారో కాసేపు అర్థం కాదు. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు కూడా వాళ్ళ మధ్య ఒక గీత ఉందనుకోవాలి. కెమెరా ఆ గీతకు ఒకే వైపు ఉండాలి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ గోడతో మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు.

ఆ తరువాత కథ. మా జట్టులో ఒకరిది అనంతపురం, ఒకరిది వరంగల్, ఒకరిది హైదరాబాద్, నాలుగోదాన్ని నేను. ఎవరి కథ తీద్దామంటే అందరూ నా వైపు చూశారు. "నీ హాస్టల్ కథ తీద్దాం, చాలా ఎమోషనల్‌గా ఉంటుంది" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. సినిమా పేరు "ట్రంకుపెట్టె". ఆరో తరగతి పిల్ల మొదటిసారి ఇల్లు వదిలి హాస్టల్‌కు బయలుదేరుతుంది. లాంగ్ బుక్‌లో పేజీకి ఆరు గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో షాటు బొమ్మ వేసుకున్నాం. బొమ్మలు రాకపోయినా పర్వాలేదు, పుల్లల మనుషులు చాలు. ఆ గడులు లేకుండా షూటింగుకు వెళితే వంట సామాను లేకుండా పొయ్యి వెలిగించినట్టే.

సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్ళో తీశాం. పిల్ల పాత్ర మా పిన్ని కూతురు వేసింది. తల్లి పాత్ర మా అమ్మే. కెమెరా ఒక ఫోను. ఫోనుతో తీసేవారికి పనికొచ్చే సంగతులు కొన్ని. ఫోను అడ్డంగా పెట్టాలి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మంచి షాటు మధ్యలో బ్యాంకు వాళ్ళు లోను కావాలా అని ఫోను చేస్తారు. మాకు చేశారు. తెర మీద వేలితో నొక్కి పట్టుకుంటే వెలుతురు, ఫోకసు అక్కడే ఆగిపోతాయి, లేకపోతే మనిషి నడిచే కొద్దీ బొమ్మ నల్లబడుతూ తెల్లబడుతూ ఉంటుంది. మన దగ్గర చెరువుల నీళ్ళ మీద పడిన ఎండ నేరుగా కంట్లో కొడుతుంది, అందుకని పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తరువాత తప్ప గట్ల మీద తీయవద్దు. గదిలో ట్యూబ్‌లైటు కింద తీస్తే బొమ్మ మీద చారలు పాకుతాయి. మన కరెంటు యాభై హెర్ట్జులది గనుక సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు పెట్టుకుంటే ఆ చారలు పోతాయి. స్టాండు మాకు లేదు. రొయ్యల మేత సంచిలో ఇసుక పోసి, దాని మీద ఫోను గుచ్చి పెట్టాం. అది కొన్న స్టాండు కన్నా కదలకుండా నిలబడింది.

శబ్దం మాత్రం మమ్మల్ని ఏడిపించింది. చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటే ఆ చప్పుడు మన చెవికి అలవాటై వినపడదు, ఫోనుకు మాత్రం అదే వినపడుతుంది. దాని మీద సముద్రపు గాలి. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. చివరకు మాటలు తీసేసి, నెట్‌లో దొరికిన ఒక విషాదపు వేణువు పెట్టేశాం. అది ఎవరిదో, వాడుకోవచ్చో లేదో చూసుకోలేదు. మన చట్టం ప్రకారం రికార్డు చేసిన పాటకు, సంగీతానికి విడుదలైన తరువాత అరవై ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. క్లాసు వరకు ఎవరూ అడగకపోవచ్చు గానీ, అలవాటుగా మంచిది కాదు.

రెండు నిమిషాల సినిమాలో ఏముందంటే: తెల్లవారుజాము మంచు. రెండు చేతులు ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుతుంటాయి. చెరువు గట్టు మీద దూరంగా ఒక ఆడమనిషి పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే వెనుక ఒక పిల్ల. ఆటో. పిల్ల జుట్టు గాలికి ఎగురుతూ ఉంటుంది. ఒక పెద్ద గేటు. పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది, కంట్లో నీరు. "ట్రంకుపెట్టె" అని పేరు పడుతుంది. వేణువు.

క్లాసులో వేసినప్పుడు చప్పట్లు కొట్టారు. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. మంచి మార్కులు వచ్చాయి.

సమీక్షలో నేను "మా చిత్రం ప్రేక్షకుల హృదయాలను కదిలించింది, సంక్షేమ హాస్టల్ విద్యార్థుల జీవితాన్ని ఉన్నది ఉన్నట్టుగా చూపించింది" అని రాశాను. లెక్చరర్ గారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "ఏ ప్రేక్షకులు? ఆ విద్యార్థులు చూశారా?" అని రాసి తిప్పి ఇచ్చారు.

ఇక్కడే సమీక్ష అంటే ఏమిటో చెప్పాలి. చాలామందికి, నాతో సహా, సమీక్ష అంటే రెండే రకాలు. ఒకటి మన గొప్ప చెప్పుకోవడం. రెండోది "కెమెరా బాగాలేదు, సమయం చాలలేదు" అని సాకులు చెప్పుకోవడం. రెండూ సమీక్ష కాదు. మనం ఏం చూపించాలనుకున్నాం, చూసినవాళ్ళకు ఏం కనిపించింది, ఈ రెండింటి మధ్య తేడా ఎంత, ఆ తేడా ఏ షాటు వల్ల వచ్చింది అని వెతకడమే సమీక్ష. లెక్కల్లో జవాబు తప్పయితే ఏ మెట్టు దగ్గర తప్పిందో వెనక్కి వెళ్ళి చూస్తాం కదా, అదే పద్ధతి.

అందుకని ఒక ఆదివారం మేడమ్ గారి అనుమతి తీసుకుని మన హాస్టల్‌కు వచ్చాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం కోడికూర భోజనాలయ్యాక స్టడీ హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి లాప్‌టాప్‌లో వేశాం. చూసినవాళ్ళు ఇరవై ఏడు మంది. "బాగుందా?" అని నేను అడగలేదు. అక్క తీసింది, అక్క అడుగుతోంది, బాగుందనే అంటారు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎందుకూ పనికిరాదు. పేరు రాయనక్కరలేకుండా తలా ఒక చీటీ ఇచ్చి మూడు ప్రశ్నలు చెప్పాను. ఈ అమ్మాయి ఎక్కడికి వెళుతోంది? ఈ అమ్మాయికి ఏం కావాలి? తరువాత ఏం జరుగుతుంది? వేసేటప్పుడు నేను ఒక్క మాట కూడా వివరించలేదు. సినిమా పక్కన దర్శకుడు నిలబడి చెప్పుకోలేడు కదా.

చీటీలు రాత్రి మా ఇంట్లో లెక్కపెట్టాను. పదకొండు మంది ఆ పిల్లను పనికి పంపుతున్నారని రాశారు. ఎవరింట్లోనో పాచిపనికని కొందరు, రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికని కొందరు. ఎనిమిది మంది తల్లి చనిపోయిందని, ఎవరో పెంచుకోవడానికి తీసుకువెళుతున్నారని రాశారు. మూడు చీటీలు ఖాళీ. హాస్టల్‌కు అని రాసినవారు ఐదుగురే. హాస్టల్లో చదివిన మనిషి హాస్టల్ గురించి తీసిన సినిమాను, హాస్టల్లో కూర్చుని చూసిన హాస్టల్ పిల్లల్లో ఐదుగురే గుర్తుపట్టారు.

రెండో ప్రశ్నకు జవాబులు ఇంకా నయం. చాలామంది ఏమీ రాయలేదు. ఒక చీటీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "ఈ అమ్మాయికి జడ వేయాలి."

ముందు నవ్వు వచ్చింది, తరువాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే షూటింగు రోజు మా పిన్ని ఆ పిల్లకు నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి పంపింది. మేమే విప్పేశాం. "మరీ నీట్‌గా ఉంది, పేదపిల్లలా లేదు" అని జట్టులో ఒకరు అన్నారు. నేను సరేనన్నాను. నా చేత్తోనే రిబ్బన్లు లాగేశాను. నన్ను హాస్టల్లో చేర్చిన రోజు మా అమ్మ ఎంత బిగించి జడ వేసిందంటే సాయంత్రానికి తలనొప్పి వచ్చింది. మన దగ్గర ఏ తల్లీ చింపిరి తలతో పిల్లను హాస్టల్‌కు పంపదు. అది నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా, చూసేవాళ్ళు పేదపిల్ల ఎలా ఉండాలనుకుంటారో అలా తయారు చేశాను.

అప్పుడు మిగతా తప్పుల కారణాలు ఒకటొకటిగా దొరికాయి. తల్లి చనిపోయిందని ఎందుకు అనుకున్నారు? తల్లి ముఖం ఒక్క షాటులో కూడా లేదు. చేతుల క్లోజప్ అందంగా ఉంటుందని చేతులే తీశాం, తరువాత దూరంగా వెనుక నుంచి తీశాం. పనికి పంపుతున్నారని ఎందుకు అనుకున్నారు? పుస్తకాల సంచి లేదు, యూనిఫారం లేదు, గేటు మీద బోర్డు ఫ్రేములోకి రాలేదు. గేటు మరీ కింద నుంచి తీశాం, జైలు గేటులా ఉంది. వేణువు సంగతి సరేసరి, ఆ వేణువు పెడితే పెళ్ళి వీడియో కూడా చావుగా మారిపోతుంది. "పథేర్ పాంచాలి" పిల్లకు పండు కావాలి, "ఫండ్రీ" కుర్రాడికి పిట్ట కావాలి. నా పిల్లకు ఏమీ అక్కరలేదు, ఏడవడం తప్ప. నగరంలో చప్పట్లు కొట్టింది నా పిల్లకు కాదు, వాళ్ళ జాలికి.

మరునాడు అమ్మకు కూడా చూపించాను. రెండుసార్లు చూసింది. "నా చేతులే తీశావు, ముఖం ఏదే?" అంది. ఇంకేమీ అనలేదు.

తరువాతి ఆదివారం మళ్ళీ వచ్చాను. ఈసారి సినిమా వేయలేదు, ముచ్చట్లు పెట్టుకున్నాం. మీ మొదటి రోజు ఏం జరిగిందని అడిగాను. హాస్టల్‌కు వచ్చే రోజు ఏడవలేదని చాలామంది అన్నారు. కొత్త పెట్టె, కొత్త తాళం, మెడలో నల్లదారానికి తాళంచెవి, ఆ సంబరంలో ఏడుపు రాలేదట. ఏడ్చింది దసరా సెలవుల తరువాత తిరిగి వచ్చేటప్పుడట. నా సంగతీ అంతేనని అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె అడుగున అమ్మ జంతికలు దాచడం, రాత్రికల్లా పెద్దక్కలకు ఆ వాసన తెలిసిపోవడం చెప్పారు. ఒక చెల్లి తన పెట్టె మీద పేరు రాసిన పెయింటర్ ఇంటిపేరు తప్పు రాశాడని, నాన్న పోనీలే అన్నా ఊరుకోక మళ్ళీ రాయించుకున్నానని చెప్పింది. మేము వెతుకుతున్న పండూ పిట్టా అదే.

రెండోసారి వేసవి సెలవుల్లో తీశాం. ఈసారి జట్టులో ఇద్దరమే మిగిలాం. మొదటి షాటులో ట్రంకుపెట్టె మూత మీద కుంచె తెల్లరంగుతో అక్షరాలు దిద్దుతుంది. సినిమా పేరు, నటీనటుల పేర్లు, అన్నీ పెట్టె మీద పెయింటుతోనే పడతాయి. విడిగా టైటిల్స్ చేసే సాఫ్ట్‌వేర్ గొడవ తప్పింది. పెయింటర్ పిల్ల ఇంటిపేరులో ఒత్తు మరిచిపోతాడు. రెండు జడల పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది. తండ్రి పోనిమ్మంటాడు. పిల్ల కదలదు. పెయింటర్ కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళీ రాస్తాడు. వెనుక అమ్మ, ఈసారి ముఖంతో సహా, గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంటూ ఉంటుంది. అమ్మకు నటన రాదు, నిజంగానే నవ్వు ఆపుకుంది. వేణువు లేదు. మొదటిసారి మమ్మల్ని ఏడిపించిన ఏరియేటర్ల చప్పుడునే ముప్పై సెకన్లు విడిగా రికార్డు చేసుకుని కింద పరిచాం. మాటలకు రెండో ఫోనును పెట్టె పక్కన గుడ్డలో చుట్టి పెట్టాం. షాటు మొదట్లో ఒక చప్పట కొడితే తరువాత బొమ్మనూ శబ్దాన్నీ ఆ చప్పట దగ్గర కలుపుకోవచ్చు. ఎడిటింగు ఉచితంగా దొరికే డావిన్చి రిజాల్వ్‌లో చేశాం. దానికి కొంచెం మంచి కంప్యూటరు కావాలి, లేనివారు ఫోనులోనే కైన్‌మాస్టర్‌తో కానివ్వవచ్చు. పిల్లల్ని తీసేటప్పుడు ఇంట్లో పెద్దల అనుమతి కాగితం మీద తీసుకోవాలి. మొదటిసారి నోటిమాటతో సరిపెట్టాం, రెండోసారి రాయించుకున్నాం.

ఇది కూడా తప్పులు లేనిది కాదు. మధ్యలో ఒకచోట గీత దాటాం, పెయింటరూ పిల్లా ఒకే వైపు చూస్తున్నట్టు ఉంటుంది. రంగు ఆరేదాకా ఆగలేక రెండు షాట్ల మధ్య అక్షరాల మెరుపు మారిపోయింది. మళ్ళీ చీటీలు పంచితే ఈసారి ఇరవై మందికి పైగా హాస్టల్‌కు అని రాశారు. తరువాత ఏం జరుగుతుందన్న ప్రశ్నకు ఒకరు "ఈ పిల్ల హాస్టల్లో అందరితో గొడవ పెట్టుకుంటుంది" అని రాశారు. ఒకరు మాత్రం "ఇందులో కథ లేదు" అని రాశారు. అది ఎవరి చీటీయో గానీ, ఆ మాట మీద నేను ఇంకా ఆలోచిస్తున్నాను. నవ్వే పిల్లను చూపిస్తే సరిపోతుందా, హాస్టళ్ళలో ఉన్న కష్టాలను దాచినట్టు కాదా అని కూడా లెక్చరర్ గారు అడిగారు. బాత్రూములకు నీళ్ళు రాని రోజులూ, కాస్మెటిక్ చార్జీలు ఆలస్యమైన నెలలూ నేను మరిచిపోలేదు. అవి రావాలి. పేరు సరిగా రాయించుకున్న పిల్ల కళ్ళతో అవి రావాలని నా ఉద్దేశం. మూడో నిమిషం నుంచి వస్తాయి, ఎప్పటికైనా ఆ మూడో నిమిషం తీస్తే.

రెండో సినిమాకు మార్కులు లేవు. మొదటిదాని మార్కులు అప్పటికే వెళ్ళిపోయాయి. సమీక్ష మాత్రం తిరిగి రాసి ఇచ్చాను, అందులో ఇరవై ఏడు చీటీల లెక్కా రాశాను, రిబ్బన్ల సంగతీ రాశాను.

రెండు సినిమాలూ ఉన్న పెన్‌డ్రైవ్ మేడమ్ గారి దగ్గర ఇచ్చాను. పూర్వ విద్యార్థినులైన అక్కలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు చూసి, మీ మొదటి రోజు ఎలా జరిగిందో ఒక కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళాలని కోరుతున్నాను. చెల్లెళ్ళకు ఒక మాట. పరీక్షలయ్యాక వచ్చే ఆదివారం నేను ఫోను, ఇసుక సంచి తీసుకుని వస్తాను. తలుపు తీసి, గది దాటి, కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడే అభ్యాసం అందరం చేద్దాం. స్టోరు రూము తలుపు కిర్రుమంటుంది, దానికి ముందుగా కాస్త నూనె వేసి ఉంచండి.